గోడ పని ఎవరు చేస్తున్నారు?

మా తాతది పాతకాలం మట్టిమిద్దె. గోడ మూర కంటే ఎక్కువ మందం ఉంటుంది. ఎండాకాలంలో మన బళ్లారిలో నలభై డిగ్రీలు దాటినా ఆ ఇంట్లో మధ్యాహ్నం హాయిగా నిద్ర పడుతుంది. మా సిమెంటు ఇంట్లో ఫ్యాను తిరుగుతున్నా పట్టదు. ఎందుకని ఆలోచిస్తే ఒక సంగతి అర్థమైంది. పాత గోడ రెండు పనులు చేసేది. ఒకటి, పైకప్పు బరువు మోసేది. రెండు, ఎండను ఆపేది. ఆకాశాన్ని అంటే మేడల చరిత్ర అంటే ఈ రెండు పనులూ గోడ చేతి నుంచి జారిపోయిన చరిత్రే.

మొదట బరువు సంగతి చూద్దాం. గోడే బరువు మోయాలంటే, అంతస్తులు పెరిగే కొద్దీ కింది గోడ లావు కావాలి. అమెరికాలోని షికాగో నగరంలో 1891లో మొనాడ్‌నాక్ అనే 16 అంతస్తుల ఇటుక భవనం కట్టినారు. దాని కింది గోడల మందం సుమారు 6 అడుగులు! ఇంకా ఎత్తుకు పోతే కింద గదులకు చోటే మిగలదు గదా.

దీనికి ఉపాయం అదే ఊళ్లో అంతకు ముందే దొరికింది. విలియం లె బారన్ జెన్నీ అనే ఇంజనీరు 1885లో 10 అంతస్తుల హోమ్ ఇన్సూరెన్స్ భవనానికి ఇనుము, ఉక్కుతో అస్థిపంజరం లాంటి చట్రం కట్టినాడు. మన ఒంట్లో బరువు మోసేది ఎముకలు, చర్మం కాదు. అట్లాగే అక్కడ బరువును ఎక్కువగా మోసింది కంబాలు, దూలాలే. అంతకు ముందే, 1854లో ఎలీషా ఓటిస్ తాడు తెగినా కింద పడని లిఫ్టును న్యూయార్కులో జనం ముందు చూపించినాడు. లిఫ్టు లేకపోతే పదో అంతస్తుకు రోజూ ఎవరు ఎక్కుతారు?

ఈ విద్య మన దక్షిణాదికి గొప్పగా వచ్చింది మద్రాసులో. అప్పుడు మన బళ్లారి కూడా మద్రాసు రాష్ట్రంలోదే. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినాయి, బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. అదే 1953లో మద్రాసు మౌంట్ రోడ్డులో ఎం.సి.టి.ఎం. చిదంబరం చెట్టియారు తన కంపెనీల కోసం ఒక పెద్ద మేడ పని మొదలుపెట్టించినారు. లండన్ వాస్తుశిల్పులు బ్రౌన్, మౌలిన్ దాన్ని రూపొందించినారు. చెట్టియారు 1954లో సింగపూరు విమాన ప్రమాదంలో చనిపోయినారు. 1956లో జీవిత బీమా కంపెనీలు ప్రభుత్వం చేతికి వచ్చి ఎల్.ఐ.సి. ఏర్పడింది. లండన్ వాళ్లు మధ్యలో తప్పుకుంటే మద్రాసు వాస్తుశిల్పి ఎల్.ఎం. చితాలే పని పూర్తి చేసినారు. 1959 ఆగస్టు 23న కేంద్ర ఆర్థిక మంత్రి మొరార్జీ దేశాయి ప్రారంభించినారు. ఎత్తు సుమారు 177 అడుగులు. అప్పట్లో దేశంలోనే ఎత్తైన భవనం అదే. మద్రాసు పోయిన మన పెద్దవాళ్లు ఆ ఎల్.ఐ.సి. బిల్డింగును తలెత్తి చూసి వచ్చేవాళ్లు.

సున్నం, ఇటుకలతో కట్టే ఆ నగరంలో ఈ మేడ కాంక్రీటు కంబాల మీద లేచింది. కాంక్రీటు నొక్కుడును బాగా తట్టుకుంటుంది, కానీ లాగితే పగులుతుంది. లోపల ఉండే ఇనుప కడ్డీలు ఆ లాగుడును తట్టుకుంటాయి. రెండూ కలిసి గోడ మొదటి పనిని తీసుకున్నాయి.

ఇక రెండో పని. చట్రం వచ్చినాక గోడంతా అద్దమే పెట్టొచ్చు. కానీ అద్దం ఎండను లోపలికి రానిస్తుంది, వేడిని తొందరగా బయటికి పోనివ్వదు. దీనికి జవాబు ఒక అచ్చాఫీసులో పుట్టింది. 1902లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో గాలి తేమకు కాగితం సాగి రంగులు సరిగ్గా పడేవి కావు. విల్లిస్ కేరియర్ అనే యువ ఇంజనీరు చల్లటి గొట్టాల మీదుగా గాలిని పంపి దాని తేమను తగ్గించే ఏర్పాటు చేసినాడు. అంటే ఏసీ మొదట పుట్టింది మనుషుల కోసం కాదు, కాగితం కోసం! 1928లో టెక్సస్‌లో 21 అంతస్తుల మిలామ్ భవనం మొత్తానికీ ఏసీ పెట్టినారు. తర్వాత సన్నటి గొట్టాల్లో గాలిని వేగంగా పంపే పద్ధతి వచ్చింది. దానివల్ల గొట్టాలకు ఎక్కువ చోటు పోలేదు. న్యూయార్కులోని ఐక్యరాజ్యసమితి 39 అంతస్తుల మేడలో ఈ పద్ధతే వాడినారు. అద్దాలకు బయట నీడపలకలు పెట్టాలని వాస్తుశిల్పి లె కార్బూజియే పట్టుబట్టినా పెట్టలేదు. అదే నగరంలో 1952లో పూర్తయిన లీవర్ హౌస్‌లో కిటికీలు తెరవడానికే రావు. గోడ రెండో పని కూడా పోయింది. అది వట్టి తెర అయింది.

ఇక్కడే నాకొక అనుమానం. కంబం ఒకసారి నిలబడితే ఏళ్ల తరబడి ఊరికే మోస్తుంది. ఏసీ మాత్రం కరెంటు ఉన్నంతసేపే పని చేస్తుంది. మట్టిగోడకు బిల్లు రాదు. తెరవడానికి రాని అద్దాల మేడలో కరెంటు పోతే పరిస్థితి ఏమిటి?

దీనికి ఇంకో దారి ఉందని పాండిచ్చేరిలోని గోల్కొండ భవనం చెబుతుంది. అది అరవింద ఆశ్రమం వసతి గృహం. హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ ద్వారా నిజాం ప్రభుత్వ విరాళం అందింది కాబట్టే ఆ పేరు. ఆంటొనిన్ రేమండ్ రూపొందించిన ఆ భవనం 1940లలో పూర్తయింది. అది ఆకాశమంత ఎత్తు మేడ కాదు. కానీ అదీ కాంక్రీటు చట్రమే, అక్కడా గోడ బరువు మోయదు. అయితే గోడ స్థానంలో అద్దం పెట్టకుండా, తిప్పుకోడానికి వీలైన పలకలు వరుసగా పెట్టినారు. నీడా వస్తుంది, గాలీ వస్తుంది.

కొత్త ఉపాయం మంచిదా చెడ్డదా అని కాదు, దాన్ని ఎక్కడ ఎట్లా వాడినామన్నదే ముఖ్యం. మన సండూరు కొండల ఖనిజం తోరణగల్లులో ఉక్కు అవుతుంది. అలాంటి ఉక్కుతోనే రేపు మన ఊళ్లోనూ పెద్ద మేడలు లేస్తాయి. బరువు మోసే పని ఉక్కుకు, కాంక్రీటుకు ఇద్దాం. ఎండను ఆపే పనిని మాత్రం మొత్తం మిషను మీద వదిలేయకుండా, గోడకు కూడా కొంచెం మిగల్చాల. మా తాత మిద్దెలో పడుకున్నప్పుడల్లా నాకు అదే అనిపిస్తుంది.