ఆంధ్ర, తెలంగాణ: రెండు దేశనామాల పుట్టుపూర్వోత్తరాలు

దేశాల పేర్లలో చాలావాటిని ఆ దేశస్థులు తమకు తాముగా పెట్టుకోలేదు. పొరుగువారో, దండెత్తి వచ్చినవారో, సరుకు కోసం ఓడ దిగినవారో తమ నోటికి తిరిగిన తీరున పిలిచిన పిలుపే శాసనాలకెక్కి, నాణేలపై ముద్రపడి, చివరకు చట్టంలో చేరి స్థిరపడింది. పాత తెలుగులో దేశమంటే సార్వభౌమాధికారం గల రాజ్యమని కాదు, ఒక భాషో ఒక ఆచారమో కలిపి ఉంచిన సీమ అని అర్థం కాబట్టి, ఆంధ్ర, తెలంగాణ అనే రెండింటినీ దేశనామాలుగానే చూడవలసి ఉంటుంది. ఈ రెండు పేర్ల మధ్య ఇరవయ్యో శతాబ్దంలో తలెత్తిన తగాదా ఏ పేరు పాతది అన్నదాని గురించి కాదనీ, ఆ పేరు పలికినప్పుడు లోపల ఉండేదెవరు, బయట మిగిలేదెవరు అన్నదాని గురించేననీ హైదరాబాదులోని నారాయణగూడ, చిక్కడపల్లి, అశోక్‌నగర్ ప్రాంతాల చరిత్రను చూసినా బోధపడుతుంది.

ఆంధ్ర శబ్దం మొదట నేలకు కాక జనానికి పేరు. ఋగ్వేద శాఖకు చెందిన ఐతరేయ బ్రాహ్మణం, విశ్వామిత్రుని శాపానికి గురై ఆర్యభూమి పొలిమేరల్లో బతికిన జాతుల్లో పుండ్రులు, శబరులు, పులిందులతో పాటు ఆంధ్రులనూ పేర్కొన్నది. అంటే ఈ పేరు గ్రంథస్థమైన తొలి సందర్భమే బయటివారు, అదీ శపించి, పెట్టిన సందర్భం. క్రీస్తు పూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు తన 13వ శిలాశాసనంలో ధర్మాన్ని అనుసరిస్తున్న ప్రజల్లో ఆంధ్రులను చేర్చాడు. ఆయన శిలాశాసనాల ప్రతి కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపైనా ఉన్నది. క్రీస్తు శకం 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ ఈ జనానికి 30 కోట పట్టణాలు, లక్ష కాల్బలం, 2 వేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు ఉన్నాయని రాసినా, ఆ అంకెలు ఎవరి నోట విన్నవో ఆయనకే తెలియాలి.

తెలంగాణ అనే పేరుకు మూలం త్రిలింగమనీ, శ్రీశైల, ద్రాక్షారామ, కాళేశ్వర క్షేత్రాల నడిమి భూమి త్రిలింగదేశమనీ ప్రసిద్ధమైన వివరణ ఒకటి ఉన్నది; కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానంలోని విద్యానాథుడు ఈ మూడు క్షేత్రాల ప్రస్తావన చేశాడు. భాషాశాస్త్రజ్ఞులు చాలామంది దీనిని తెలుగు మాటకు తర్వాత తొడిగిన సంస్కృత వేషంగానే భావించారు, ఆ భావనే సబబుగానూ తోస్తుంది. పేరుకు రాజకీయ రూపం వచ్చింది మాత్రం ఢిల్లీ నుంచి: 1323లో ఓరుగల్లు పడిపోయిన తర్వాత ఆ నగరానికి సుల్తాన్‌పూర్ అని కొత్త పేరు పెట్టిన తుగ్లకులు, తాము గెలిచిన సీమను మాత్రం తిలంగ్ అనే పిలిచి, ముల్క్-ఎ-తిలంగ్ అన్న టంకశాల పేరుతో నాణేలు ముద్రించారు. గెలిచినవాడు పెట్టిన సుల్తాన్‌పూర్ నిలవకపోగా, అంతకు ముందునుంచి వాడుకలో ఉన్న తిలంగ్ నిలిచింది. బహమనీల కాలానికి, 15వ శతాబ్దపు తొలి పాదంలో, నేటి సంగారెడ్డి జిల్లా తెల్లాపూర్‌లో వేయించిన శాసనంలో తెలంగాణపురం అన్న రూపం కనబడుతుంది. అసఫ్‌జాహీల పాలనలో ఇదే మాట, మరాఠ్వాడాకు భిన్నంగా, రాజ్యంలోని తెలుగు జిల్లాలకు వాడుక పేరయింది.

ఈ పేరు పుట్టిన నేల దాటి చేసిన ప్రయాణం వేరే కథ. దక్షిణాది నుంచి ఈస్టిండియా కంపెనీ తీసుకుపోయిన సిపాయిలను ఉత్తరాదివారు తిలంగాలన్నారు. 1857 నాటికి ఢిల్లీ వీధుల్లో తిలంగా అంటే ఏ భాష మాట్లాడేవాడైనా సరే, కంపెనీ దుస్తులు వేసుకున్న సిపాయి అని అర్థం. బర్మాలో తెలుగు కూలీలకు, కోరంగి రేవు మీదుగా వచ్చారు గనుక, కోరంగీలన్న పేరు పడి క్రమంగా తక్కువచూపుతో పలికే మాటగా మారింది. అదే దేశంలో మోన్ జాతివారిని తలైంగులనేవారు. అది తెలింగ శబ్దం నుంచే వచ్చిందని కొందరు పండితులు వాదించినా, తమకు ఇతరులు తగిలించిన ఆ పేరును మోన్‌లు అవమానంగా భావించి తిరస్కరించారు.

తెలుగునాట ఇటువంటి తిరస్కారం తగాదా లేకుండా నెగ్గిన సందర్భం ఒకటున్నది. నిజాం 1800లో కంపెనీకి అప్పగించిన జిల్లాలకు దత్తమండలాలన్న పేరు, అంటే దానంగా ఇచ్చివేసిన ప్రాంతమన్న ముద్ర, శతాబ్దానికి పైగా అంటుకొని ఉండగా, 1928 నవంబరులో నంద్యాలలో జరిగిన ఆంధ్ర మహాసభ సందర్భంలో చిలుకూరి నారాయణరావు సూచించిన రాయలసీమ అన్న పేరును అందరూ ఇష్టంగా స్వీకరించారు. పాత పేరు ఎవరికీ అక్కరలేనిది కావడమే ఈ సౌలభ్యానికి కారణం. ఇద్దరికి కావలసిన పేరు దగ్గరే చిక్కు వస్తుంది.

హైదరాబాదులో ఆంధ్ర అన్న పేరు అటువంటిదే అయింది. 1921 నవంబరు 12న వివేకవర్ధినీ నాటకశాలలో మహర్షి ధోండో కేశవ కర్వే అధ్యక్షతన జరుగుతున్న సంఘ సంస్కార సభలో ఇంగ్లీషు, ఉర్దూ, మరాఠీ ప్రసంగాలను సావధానంగా విన్న సభికులు, న్యాయవాది ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో మొదలుపెట్టగానే గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ రాత్రే టేకుమాల రంగారావు ఇంట చేరిన కొద్దిమంది స్థాపించిన సంఘానికి ఆంధ్ర జనసంఘమని పేరు పెట్టారు. అంతకు రెండు దశాబ్దాల ముందే, 1901లో, నగరంలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసి ఉన్నది. నిజాం రాష్ట్రపు తెలుగువారికి ఆ రోజుల్లో ఆంధ్ర అంటే కృష్ణా గోదావరి జిల్లాలు కాదు. ఉర్దూ రాజ్యమేలుతున్న చోట తమ భాషకు ఉన్న గౌరవనామం. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదలైన సభ నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ. ఆ ఉద్యమాన్ని నడిపిన మాడపాటి హనుమంతరావు బిరుదం ఆంధ్ర పితామహుడు. ఆయన రాసిన చరిత్రగ్రంథం పేరు తెలంగాణ ఆంధ్రోద్యమము. ఇప్పటి చెవికి పరస్పర విరుద్ధంగా వినబడే రెండు మాటలు ఆ శీర్షికలో పక్కపక్కన ఇబ్బంది లేకుండా కూర్చున్నాయి: ఒకటి చోటును, రెండోది జనాన్ని చెబుతున్నవి.

నారాయణగూడలో నేడు మాడపాటి పేరుతో ఉన్న బాలికల ఉన్నత పాఠశాల ఆంధ్ర బాలికోన్నత పాఠశాలగా పుట్టింది. 1928లో ఆయన తెలుగు మాధ్యమంలో ఆడపిల్లలకు ఉన్నత పాఠశాల నెలకొల్పినప్పుడు, ఉర్దూనే ప్రమాణంగా ఎంచిన విద్యాశాఖ గుర్తింపు దొరకకపోవడంతో, బాలికలను పూనాలో కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం పరీక్షలకు కూర్చోబెట్టారు. ఏ పెద్దమనిషి అధ్యక్షతన తెలుగుకు పరాభవం జరిగిందో ఆయన సంస్థే తెలుగులో చదివిన పిల్లలకు పట్టా ఇవ్వడం, ఆయన ఉద్దేశంలో దోషం లేదనడానికి చాలు. ఆ పాఠశాల పేరులోని ఆంధ్ర శబ్దాన్ని వలసవాదుల గుర్తుగా చదవడం, తర్వాతి కాలపు కళ్లజోడుతో ముందు కాలాన్ని చూడటమే అవుతుంది. ఆ కాలంలోనూ పేరు విషయంలో వేరే ఆలోచన లేకపోలేదు: తెలంగాణలో కవులు లేరన్న మాటకు జవాబుగా 1934లో 354 మంది కవులతో సంకలనం తెచ్చిన సురవరం దానికి ఆంధ్ర అనీ తెలంగాణ అనీ అనకుండా, తన పత్రిక పేరునే ఇచ్చి గోలకొండ కవుల సంచిక అన్నారు.

అర్థం మారిపోయింది 1953 అక్టోబరు 1న. ఆనాడు కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడటంతో, అంతవరకు జాతికి చెందిన పేరు సరిహద్దులు, శాసనసభ, ఉద్యోగుల జాబితా గల ప్రభుత్వానికి పేరయింది. చిక్కడపల్లిని ఆనుకొని ఉన్న బాగ్‌లింగంపల్లిలో విజ్ఞాన కేంద్రం ఎవరి పేరున నడుస్తున్నదో ఆ పుచ్చలపల్లి సుందరయ్య 1940లలో ప్రచారం చేసిన విశాలాంధ్ర భావన ప్రకారం అది సగం పనే. మిగతా సగం హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు కలవడం. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కోసం ఏర్పడిన ఫజల్ అలీ కమిషన్ ఆ జిల్లాలను ప్రస్తుతానికి వేరుగా ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత శాసనసభ మూడింట రెండు వంతుల ఆధిక్యంతో కోరితే కలపవచ్చునని చెప్పింది. అయినా విలీనానికే నిర్ణయం జరిగి, 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో తెలంగాణకు హామీలిస్తూ పెద్దమనుషుల ఒప్పందం కుదిరింది. ముసాయిదా బిల్లులో కొత్త రాష్ట్రం పేరు ఆంధ్ర-తెలంగాణ. పార్లమెంటు సంయుక్త సంఘం దానిని ఆంధ్రప్రదేశ్‌గా మార్చింది. తెలంగాణ ప్రతినిధులు మొదటి పేరే ఉండాలన్నారు, ఆంధ్ర ప్రతినిధులు సవరించిన పేరే చాలన్నారు, సవరణే చట్టమైంది.

ఈ ఒక్క అడ్డుగీత తొలగింపును చరిత్రకారులు సాధారణంగా ఒక వాక్యంలో దాటేస్తారు గాని, ముల్కీలకు, అంటే స్థానికులకు, దక్కవలసిన ఉద్యోగాలు, మిగులు నిధులు వంటి హామీల ఉల్లంఘనకు లెక్కలు చూపి వాదించవచ్చు, పేరు చేసిన పనికి లెక్క ఉండదు. ఆంధ్రప్రదేశ్ అన్న పేరు ఒక భాగస్వామిది కావడం వల్ల, కలిసినవారిలో ఒకరు తమ ఇంట్లోనే ఉన్నట్టూ, రెండోవారు వారింటికి వచ్చినట్టూ ధ్వనించింది. ఆంధ్ర అన్నది అందరి పురాతన నామమేనని సమైక్యవాదులు చెప్పింది గ్రంథాల దృష్ట్యా నిజమే. 1953 తర్వాత వాడుకలో అది నిజం కాదు. గ్రీసు తన ఉత్తర ప్రాంతానికి ఉన్న మాసిడోనియా అన్న పేరునే యుగోస్లావియా నుంచి విడిపోయిన పొరుగుదేశం పెట్టుకుందని దాదాపు మూడు దశాబ్దాలు పోరాడి, 2018 నాటి ప్రెస్పా ఒప్పందంతో అది ఉత్తర మాసిడోనియా అయ్యాకే శాంతించింది. అక్కడ ఒక విశేషణం చేసిన పని ఇక్కడ ఒక అడ్డుగీత చేయగలిగి ఉండేదేమో.

2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయినప్పుడు మిగిలిన భాగం ఆంధ్రప్రదేశ్ అన్న పేరునే ఉంచుకోగా, హైదరాబాదులో పేర్ల సవరణ మొదలైంది. 1943లో పుట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు తెలంగాణ సారస్వత పరిషత్తయింది. ఉద్యమకాలంలో బండ్లపై టీజీ అని రాసుకున్నవారికి కొత్త రాష్ట్రం ఇచ్చిన సంకేతం టీఎస్. అది మళ్లీ టీజీ అయింది 2024 మార్చిలో. రాష్ట్రంలో బ్యాంకు శాఖలపై ఆంధ్ర అన్న పేరు చెరిగిపోవడానికి మాత్రం ఉద్యమం కారణం కాదు: 1923లో మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

ఇప్పుడు ఈ చరిత్రను అందరికన్నా శ్రద్ధగా చదువుతున్నవారు చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కూర్చునే ఉద్యోగార్థులు. రాష్ట్ర ప్రభుత్వోద్యోగాలకు జరిగే గ్రూప్-2 పరీక్షలో నాలుగో పేపరు మొత్తం 150 మార్కులకు తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర ఆవిర్భావమే కావడంతో, ముల్క్-ఎ-తిలంగ్, తెల్లాపూర్ శాసనం, పెద్దమనుషుల ఒప్పందం అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల నోట్సుల్లో, జిరాక్సు ప్రతుల్లో చేతులు మారుతున్నాయి. సిలబస్ ఉద్యమ భావనకు 1948ని మొదటి సంవత్సరంగా చూపడం వల్ల, అంతకు ముందు తెలంగాణవారే తమను ఆంధ్రులుగా చెప్పుకున్న పాతికేళ్ల ఉద్యమం ఈ పేపరులో ప్రధానాంశం కాదు, చదివేవారికి అది వేరే పేపరులోని వేరే పాఠంగా తగులుతుంది. 1985లో నగరంలో స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయానికి ఆంధ్ర రాష్ట్రం కోసం ప్రాణమిచ్చిన పొట్టి శ్రీరాములు పేరు తీసి, తెలంగాణ ప్రముఖుని పేరు పెట్టాలని 2025లో శాసనసభ బిల్లు ఆమోదించినప్పుడు, ఎంచుకున్న పేరు సురవరం ప్రతాపరెడ్డిది, అంటే నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ తొలి అధ్యక్షునిది.