తంతి నుండి కాంతి తంతువు దాక

సికింద్రాబాదు నుండి బెజవాడకు పోవు రైలు మార్గమున జనగామ, కాజీపేట, వరంగల్లు, మహబూబాబాదు, డోర్నకల్లు వరుసగా తగులును. నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే వారి ఈ మార్గము 1889లో బెజవాడను చేరినది. పట్టాలతో పాటు తంతి స్తంభములును వచ్చినవి. ఒక స్టేషనులో బండి బయలుదేరగానే ముందున్న స్టేషనుకు ఒక కబురు. అది చేరగానే వెనుకటి స్టేషనుకు మరొక కబురు. నడుమ బండి ఏ మైలురాయి దాటినదని క్షణక్షణము ఎవరును అడుగలేదు. దారి ఖాళీగా ఉన్నదా, లేదా అన్న ఒక్క ప్రశ్నకు రెండు కబుర్లు చాలినవి.

భూపాలపల్లి ప్రాంతమునకు వచ్చుసరికి ప్రశ్న మారినది. సింగరేణి బొగ్గుగనుల చేరువన, గణపురం మండలము చెల్పూరులో కాకతీయ థర్మల్ విద్యుత్కేంద్రము వెలసినది. 500 మెగావాట్ల మొదటి యంత్రము 2010లోను, 600 మెగావాట్ల రెండవది 2016లోను ఉత్పత్తికి వచ్చినవి. కరెంటు రైలుబండి వలె స్టేషనులో ఆగి కబురు చెప్పి కదలునది కాదు. సెకనుకు 50 ఆవృత్తుల చొప్పున ఊగుచుండును. పూర్వము సబ్ స్టేషనులో ఉద్యోగి గంటకొకసారి మీటర్లు చూచి పుస్తకమున వ్రాసికొనెడివాడు. తరువాత దూరమాపక యంత్రములు కొన్ని సెకనులకొకసారి కేంద్రమునకు లెక్కలు పంపసాగినవి. చాల కాలము ఇదియే గొప్ప ప్రగతి అనిపించుకొన్నది.

అది చాలదా? సినిమాలో పరుగెత్తు జట్కా చక్రము వెనుకకు తిరుగుచున్నట్లు తోచుట మనమందరము చూచినదే. కెమెరా సెకనుకు 24 బొమ్మలు మాత్రమే తీయును; చక్రపు ఆకుల వేగము దానికి అందనప్పుడు కన్ను మోసపోవును. అనగా, తగినన్ని మారులు చూడనిచో ఉన్నది తెలియకపోవుటయే కాదు, లేనిది ఉన్నట్లు తోచును. ఒక ఊపును గుర్తింపవలెనన్న, దాని వేగమునకు రెండింతలకన్న ఎక్కువ మారులు చూడవలెను. ఈ సూత్రమునకు 1928లో హ్యారీ నైక్విస్టు తంతివార్తలపై చేసిన పరిశోధన పునాది వేయగా, 1949లో క్లాడ్ షానన్ దానిని స్పష్టముగా నిరూపించెను.

మన దేశమునకు ఈ పాఠము 2012 జూలైలో ఎదురైనది. 30వ తేదీ తెల్లవారుజామున ఉత్తర గ్రిడ్ కూలినది. మరునాటి మధ్యాహ్నము ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు మూడును కూలినవి. 60 కోట్లకు పైబడిన జనులు నివసించు ప్రాంతము చీకటి పాలైనది. ఏది ముందు, ఏది వెనుక అని తేల్చబోగా, పలుచోట్ల నమోదు యంత్రముల గడియారములే ఒకదానితో ఒకటి కలియలేదు. గడియారములను కలుపవలెననియు, విస్తృతప్రాంత మాపన పద్ధతి కావలెననియు విచారణ సంఘము సూచించినది.

ఆనాడు దక్షిణ గ్రిడ్‌కు ముప్పు రాలేదు. అది వేరుగా ఊగుచుండినది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైనుతో అదియు కలిసినది. నాటి నుండి మహబూబాబాదు రైతు పంపుసెట్టును, పంజాబు రైతు పంపుసెట్టును ఒకే ఊపున నడచుచున్నవి. మేలు ఉమ్మడి, ప్రమాదమును ఉమ్మడియే. అందుచేత దేశమంతట నెలకొల్పిన ఫేజర్ మాపక యంత్రములు ఉపగ్రహ కాలమానముతో ముడిపడి, సెకనుకు 25 మారులు లెక్క పంపును. ప్రాంతముల నడుమ పుట్టి పెరుగు ఊగిసలాటను పట్టుటకు ఈ వేగము చాలును. టవరుల శిఖరమున ఉండు ఎర్త్ తీగ గర్భమున పోవు గాజు తంతువులే ఈ వార్తలకు బాట.

మరి అన్నిటిని ఇంకను వేగముగా ఏల చూడరాదు? సబ్ స్టేషనులో రక్షణ యంత్రములకు ఆవృత్తికి 80 నమూనాలు, అనగా సెకనుకు 4,000 కావలెను. ఒక్క మాపక స్థానము నుండియే సెకనుకు సుమారు 5 మెగాబిట్లు పుట్టును. అట్టివి ఇరువది చేరినచో 100 మెగాబిట్ల బాట నిండిపోవును. పైగా కాంతి తంతువులను వలయముగా కట్టి, ప్రతి వార్తను రెండు దిక్కుల పంపు పద్ధతి కలదు. ఒకచోట తంతువు తెగినను రెండవ ప్రతి చేరును. ఈ భద్రతకు వెల, ఇనుమడించిన బరువు. మేడారం జాతర నాటి దారిలో అంబులెన్సు చిక్కుకొన్నట్లు, స్విచ్చి తెరువుమను అత్యవసర వార్త మామూలు లెక్కల వెనుక నిలువరాదు కదా!

కావున ఇంజనీర్లు అన్నిటిని ఒకే వేగమున చూడరు. నీటిమట్టము, ఉష్ణోగ్రత మెల్లగా మారునవి. వానికి కొన్ని సెకనులకొక చూపు చాలును. 4,000 నమూనాలు పుట్టినచోటనే ఉండి, రక్షణ యంత్రమునకు ఉపయోగపడును. లోపము సంభవించినప్పుడు మాత్రము దానికి ముందు వెనుకల కొద్ది క్షణముల రికార్డు భద్రపడి, నిదానముగా కేంద్రమునకు పోవును. స్విచ్చి స్థితి మారినప్పుడే కబురు. అయితే మౌనము క్షేమమా, తీగ తెగుటయా అన్న సందేహము కలదు. అందుచేత నడుమ నడుమ “ఉన్నాను” అని ఒక చిన్న పలుకు.

ఇది ఆనాటి రైల్వే తంతి గుమాస్తా పాటించిన నీతియే. తెలియవలసినది ఏమని ముందు అడిగికొనవలెను; అది ఎంత వేగమున మారునో కనిపెట్టవలెను; చూపును దానికి తగినట్లు నిర్ణయింపవలెను. తక్కువ చూచినవాడు 2012 నాటి వలె చీకటిలో కారణము వెదకుకొనును. అన్నిటిని ఎక్కువగా చూడబోయినవాడు, కావలసిన ఒక్క కబురును గుంపులో పోగొట్టుకొనును.