పాత కంప్యూటర్ అమ్మొద్దని ఎందుకంటున్నం: ర్యామ్ ధరల కథ

పోస్టు జర పొడుగుంటది, తీరిక చూసుకొని చదువుండ్రి.

పదిహేను రోజుల కింద మా హాస్టల్‌ల పెద్ద పంచాయితీ అయింది. మెస్ గురించి కాదు, కంప్యూటర్ గురించి. రెండేండ్ల కింద పన్నెండు మందిమి స్కాలర్‌షిప్ పైసలల్ల ఇంత ఇంత వేసుకొని, ఏదో ఆఫీసుల వాడి తీసేసిన డెస్క్‌టాప్ కొన్నం. ఐ5 నాలుగో తరం ప్రాసెసర్, 4 జీబీ డీడీఆర్3 ర్యామ్. ఈపాస్ ఫారాలు, గ్రూప్స్ నోట్సు, ప్రాజెక్టు రిపోర్టులు అన్నీ దానిమీదనే. ఇప్పుడు బ్రౌజర్‌ల నాలుగు ట్యాబులు తెరిస్తే అది బిగుసుకపోతున్నది. మల్ల తలా ఏడు వందలు వేస్తే 8,400 అయినయి. సగం మందిమి దీన్ని అమ్మేసి, మిగిలింది ఈఎంఐ పెట్టి కొత్తది తెద్దామన్నం. సగం మందిమి వద్దన్నం. "పాతది పట్టుకొని కూసుంటే మనం ఎప్పటికీ ఎనకబడే ఉంటం" అని ఒక అన్న అన్నడు. మా ఇండ్లల్ల కాలేజీ గేటు దాటిన మొదటోళ్లం మేమే. వెనకబాటు అన్న మాట మాకు మామూలుగ తగలదు. అందుకే పంచాయితీ ఆపి, ఇంతకుముందు ధరలు పెరిగినప్పుడు లోకం ఏం చేసిందో చదువుదామనుకున్నం. చదివింది మీకూ చెప్తున్నం.

ముందు ఒక్క ముచ్చట. హార్డ్ డిస్క్ అంటే గింజలు దాచే గుమ్మి. ర్యామ్ అంటే పని చేసేటప్పుడు ముందట పరుచుకునే చాప. చాప చిన్నదైతే ఘడియ ఘడియకు గుమ్మి కాడికి ఉరకాలె. మెషీన్ నెమ్మదించేది గందుకే. అయితే ఈ చాపను ఇష్టమొచ్చినట్టు మార్చలేం. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్ మూడూ ఒక జత. డీడీఆర్3 బోర్డుల డీడీఆర్4 స్టిక్ పట్టదు, కింద గాడి పడ్డ చోటే వేరు. తరం మారాలంటే మూడూ మారాలె. కాబట్టి ర్యామ్ ధర పెరిగిన ప్రతిసారి అసలు ప్రశ్న "జత మొత్తం మార్చాల్నా, ఉన్న జతతోనే నడవాల్నా" అనేదే.

కథను మన దిక్కు నుంచే మొదలుపెడదాం. 1967ల హైదరాబాద్‌ల ఈసీఐఎల్ పెట్టిండ్రు. ట్రాంబేల రూపం దిద్దుకున్న టీడీసీ-12 కంప్యూటర్ 1969ల ఆ సంస్థ నుంచి వచ్చింది. ఆ కాలంల మెమరీ అంటే చిప్ కాదు. ఆవగింజలంత ఫెర్రైట్ పూసలు, వాటి నడుమ సన్నని తీగలు. ఒక్క పూసకు ఒక్క బిట్. లోకంల చాన ఏండ్లు ఆ పూసలను చేతితోనే గుచ్చిండ్రు, ఎక్కువ మంది ఆడోళ్లే. మా యాడీలు కాంచళి మీద పూసలు, గవ్వలు కుట్టుడు చూసి పెరిగినోళ్లం కాబట్టి ఆ ఫొటో చూస్తే మాకు ఎక్కడో చూసిన పనే అనిపించింది. అంత కష్టంతోటి తయారైన మెమరీని ఎవరు పారేస్తరు? అప్పుడు మెషీన్ అంటే ఏండ్ల తరబడి వాడుకునే ఆస్తి.

1984ల దేశమంతటా బడులల్ల కంప్యూటర్ చదువు పెట్టాలని క్లాస్ అనే పథకం వచ్చింది. ఇంగ్లండ్ నుంచి బీబీసీ మైక్రోలు తెచ్చిండ్రు. వాటిల మెమరీ 32 కేబీ. మనం ఇప్పుడు పొద్దుగాల పంపుకునే గుడ్ మార్నింగ్ ఫొటో అండ్ల పట్టదు.

ఆ తర్వాత చిప్పుల రోజులొచ్చినయి, ధరల ఆట మొదలైంది. 1986ల అమెరికా, జపాన్ సెమీకండక్టర్ ఒప్పందం చేసుకున్నయి. జపాన్ కంపెనీలు ఒక ధరకన్న తక్కువకు చిప్పులు అమ్మొద్దన్నరు. 1988 నాటికి మెమరీ కరువొచ్చింది. ఆపిల్ కంపెనీ భయపడి ఎక్కువ ధరకు చిప్పులు కొని పెట్టుకున్నది, తన కంప్యూటర్ల ధరలు పెంచింది. తర్వాత చిప్పుల ధర పడిపోయింది, 1989 మొదట్ల ఆ కంపెనీ లాభం కూడా పడింది. గంత పెద్ద కంపెనీనే తొందరపడి దెబ్బతిన్నదంటే మా పన్నెండు మంది ఈఎంఐ సంగతి చెప్పేదేమున్నది!

1993 జులైల జపాన్‌ల నీహామా ఊర్లె సుమిటోమో కెమికల్ ఫ్యాక్టరీ పేలింది. అండ్ల తయారయ్యేది చిప్పుల మీద పోసే రెసిన్, ఒక తీరు జిగురు. అంతే, కొన్ని వారాలల్ల మెమరీ ధర రెండింతల దాక పోయింది. 1999 సెప్టెంబర్ 21న తైవాన్‌ల భూకంపం వచ్చింది, మల్ల పెరిగినయి. 2013ల చైనాల వూషీ కాడ హైనిక్స్ ఫ్యాక్టరీ కాలింది, మల్ల గదే కథ. ఎక్కడనో మంట లేస్తే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ల ధర మారుతది.

మాకు ఎక్కువ పనికొచ్చిన కథ 2000 నాటిది. ఇంటెల్ కంపెనీ రాంబస్ అనే కంపెనీతోటి కలిసి ఆర్‌డీర్యామ్ అనే కొత్త రకం మెమరీని అందరి నెత్తిన పెట్టాలని చూసింది. 2000 నవంబర్‌ల పెంటియం 4 వచ్చింది. దాని బోర్డులల్ల అప్పుడు ఆర్‌డీర్యామ్ తప్ప వేరేది పట్టదు. మామూలు ఎస్‌డీర్యామ్‌కన్న దాని ధర ఎన్నో రెట్లు. కొనేటోళ్లు వెనకాడుతున్నరని ఇంటెల్ ప్రాసెసర్ డబ్బాలనే రెండు ఆర్‌డీర్యామ్ స్టిక్‌లు పెట్టి అమ్మింది. అంతకుముందే, పాత ఎస్‌డీర్యామ్‌ను కొత్త 820 బోర్డుల మీద నడిపించే ఒక చిప్ చేసిండ్రు. అండ్ల లోపం బయటపడి 2000 మే నెలల దాదాపు పది లక్షల బోర్డులను వెనక్కి పిలిచిండ్రు.

మరి జనం ఏం చేసిండ్రు? చాన మంది కదలలేదు. 1998ల వచ్చిన 440బీఎక్స్ బోర్డు, పెంటియం 3, పాత ఎస్‌డీర్యామ్, గదే జతతోటి నడిపిండ్రు. కొందరు ఏఎండీ అథ్లాన్ దిక్కు పోయిండ్రు, అది మామూలు ఎస్‌డీర్యామ్ తోనే నడిచేది. ఆఖరికి దిగివచ్చింది ఇంటెలే. 2001 సెప్టెంబర్‌ల పెంటియం 4కు ఎస్‌డీర్యామ్ పట్టే 845 చిప్‌సెట్ తెచ్చింది, కొన్ని నెలలకే డీడీఆర్ పట్టేది కూడా వచ్చింది. ఆర్‌డీర్యామ్ ఇంటి కంప్యూటర్లల్ల కనబడకుండా పోయింది. తొందరపడి కొన్నోళ్లు ర్యామ్ పెంచుకోవాలన్నా మల్ల ఆ పిరం స్టిక్‌లే కొనాల్సి వచ్చింది. ఇది చదివినప్పుడు మా పంచాయితీల ఆగుదామన్నోళ్లం మీసాలు దువ్వుకున్నం, నిజం చెప్తున్నం.

ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలె. ప్రతిసారి మంటలు, భూకంపాలే కారణం కాదు. ఆ ఏండ్లల్లనే పెద్ద మెమరీ కంపెనీలు లోలోపల మాట్లాడుకొని ధరలు పెంచినయని అమెరికాల కేసు నడిచింది. ఇన్ఫినియన్ 16 కోట్ల డాలర్లు, హైనిక్స్ 18.5 కోట్లు, సామ్‌సంగ్ 30 కోట్ల డాలర్లు జరిమానా కట్టినయి. తప్పు ఒప్పుకొనే కట్టినయి. అంగట్ల దళారులు కుమ్మక్కై పత్తి ధర పడగొట్టుడు మన అయ్యలకు తెలిసిందే. ఇక్కడ పెంచిండ్రు, అంతే తేడా.

ఇప్పుడు మన జిల్లాల ముచ్చట. 2008 ప్రాంతంల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారు 5,000 హైస్కూళ్లల్ల కంప్యూటర్ ల్యాబులు పెట్టింది. నల్లగొండ, మహబూబ్‌నగర్ అప్పుడు ఆ రాష్ట్రంలనే. 18 లక్షల మంది పిల్లలకని 50,000 సీట్లు. అంటే సగటున బడికి పది. పది సీట్లంటే పది కంప్యూటర్లు కావు. ఎన్‌కంప్యూటింగ్ అనే కంపెనీ చిన్న డబ్బాలు వాడిండ్రు. డబ్బకు మానిటర్, కీబోర్డు, మౌస్ తగిలిస్తరు, వైరు పోయి ఒకే కంప్యూటర్‌కు కలుస్తది. ప్రాసెసర్, ర్యామ్ అన్నీ ఆ ఒక్కదాన్లనే. పిల్లలు అక్షరాలు కొట్టేటప్పుడు, బొమ్మలు గీసేటప్పుడు ప్రాసెసర్ చాన మటుకు ఖాళీగనే ఉంటది కాబట్టి ఒకే మెషీన్‌ను పంచుకోవచ్చు. ఒక్కో డబ్బ తినే కరెంటు ఒక్క వాట్ అంత. అప్పట్ల ర్యామ్ మరీ పిరం లేదు, ఇక్కడ పిరమైంది మొత్తం ఖర్చు, కరెంటు. కానీ ఆలోచన మాత్రం మాకు కావాల్సిందే: చాప ఒక్కటే ఉంటే పక్కపక్కన సర్దుకొని కూసోవాలె.

మాల ఇద్దరు ముగ్గురు చిన్నప్పుడు బడిల ఆ డబ్బాలు చూసినోళ్లున్నరు. అవేంటివో తెల్వక హాజరు కాయితాలు ఎగరకుండ బరువు పెట్టేటోళ్లమని ఒక తమ్ముడు చెప్పి నవ్విండు. ఇప్పుడు తెలిసినంక వాడికే బాధయింది.

ఇగ ఇప్పటి కాలానికి వద్దాం. 2021 నవంబర్‌ల ఇంటెల్ పన్నెండో తరం వచ్చినప్పుడు డీడీఆర్5 పిరం, దొరుకుడు కూడా కష్టం. కానీ ఆ ప్రాసెసర్‌కు డీడీఆర్4 బోర్డులు కూడా చేసిండ్రు, జనం వాటినే ఎక్కువ కొన్నరు. రాంబస్ కథ నుంచి కంపెనీలు నేర్చుకున్నయనుకోవాలె. ఏఎండీ అయితే 2016ల తెచ్చిన ఏఎం4 సాకెట్‌ను ఇంకా నడిపిస్తనే ఉన్నది.

2025ల మాత్రం దెబ్బ వేరే తీరుగ పడ్డది. ఏఐ డేటా సెంటర్లకు హెచ్‌బీఎం అనే ఖరీదు మెమరీ కావాలె. లోకంల మెమరీ చేసే పెద్ద కంపెనీలు మూడే: సామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. మూడూ లాభమున్న దిక్కు తిరిగినయి. 2025 డిసెంబర్‌ల మైక్రాన్, మామూలు జనానికి అమ్మే క్రూషియల్ బ్రాండునే మూసేస్తున్నమని చెప్పింది. మేము ఫోన్ చేసిన షాపాయన డీడీఆర్5 స్టిక్‌కు ఏడాది కిందటి ధరకు మూడింతలు పైన చెప్పిండు.

ఇక్కడ మా వాదనల ఒక ఓటి ఉన్నది, దాచొద్దు. పాతది ఎప్పుడూ అగ్గువ ఉంటదనుకుంటే తప్పే. కంపెనీలు డీడీఆర్4 తయారీ ఆపేస్తమనంగనే 2025 జూన్‌ల దాని ధర కొన్నిచోట్ల డీడీఆర్5ను కూడా దాటింది. అందరూ వాడుతూ, ఎవరూ ఎక్కువ తయారు చేయని నడిమి తరానికే ఎక్కువ కష్టం. ఇంకా పాతదైన డీడీఆర్3కు ఆఫీసులు తీసేసిన మెషీన్ల నుంచి సరుకు వస్తనే ఉంటది. మాది డీడీఆర్3 అవుడు మా తెలివి కాదు, అప్పుడు పైసలు లేకనే.

రెండో ఓటి సాఫ్ట్‌వేర్. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తోటి అయిపోయింది. విండోస్ 11 మా నాలుగో తరం ప్రాసెసర్‌ను ఒప్పుకోదు. కాబట్టి పాత జతతోటి ఉండాలంటే లినక్స్‌కు మారాలె. అండ్ల జడ్‌ర్యామ్ అని ఉంటది, ర్యామ్‌లనే డాటాను కుదించి పెడ్తది, అదే చాపల కొంచెం ఎక్కువ పడ్తది. తెలుగుల లినక్స్ కోసం హైదరాబాద్ స్వేచ్ఛ వాళ్లు చాన ఏండ్ల నుంచి పని చేస్తున్నరు, బడిపిల్లలకని బాల స్వేచ్ఛ అని కూడా చేసిండ్రు. నేర్చుకునుడు మొదట్ల కష్టమే. బీటెక్‌ల ఆండ్రాయిడ్ యాప్‌లు, మెషీన్ లెర్నింగ్ చేసే తమ్ముళ్లకు మా లెక్క సరిపోదు, వాళ్లకు కొత్తది కావాల్నంటే కావాలె.

వెనకబాటు అన్న అన్నకు మేము చెప్పింది ఇది. దేవరకొండ దిక్కు, అచ్చంపేట దిక్కు బోరు మోటరు కాలితే మన అయ్యలు ఏం చేస్తరు? వైండింగ్ చేయించి మల్ల దించుతరు. మంచి ధర వచ్చిన ఏడు కొత్త మోటరు గురించి ఆలోచిస్తరు. వాళ్లను ఎవరూ కొత్తది తెల్వనోళ్లు అనరు. అన్న కొంచెంసేపు గమ్మునున్నడు. తర్వాత "మరి వైండింగ్ చేసేది ఎవరు, నువ్వా?" అన్నడు. మంచి ప్రశ్న. మాల ఎవరికీ కంప్యూటర్ డబ్బ విప్పుడు రాదు. వచ్చే ఆదివారం విప్పి నేర్చుకుంటున్నం, చూడనీకి వచ్చేటోళ్లు రావొచ్చు.

ఇప్పటికి అనుకున్నది: రెండు 8 జీబీ డీడీఆర్3 స్టిక్‌లు, ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ, ఒక పాత గ్రాఫిక్స్ కార్డు. లినక్స్‌ల ఒకే మెషీన్‌కు ఇద్దరికి వేర్వేరు స్క్రీన్, కీబోర్డు పెట్టే మల్టీసీట్ ఉంటది, 5,000 బడుల ఆలోచనే ఇది. మిగిలిన పైసలు ముట్టం, ధర దిగినప్పుడు చూస్తం.

చెనాయ్ ట్రేడ్ సెంటర్ దిక్కు పోయేటోళ్లుంటే మాకు సాయం చేయండ్రి. స్టిక్ మీద ఈసీసీ రిజిస్టర్డ్ అని ఉంటే తేవొద్దు. అవి సర్వర్లవి, అగ్గువకిస్తరు, గాడిల సక్కగనే కూసుంటయి, కానీ మామూలు డెస్క్‌టాప్ లేవదు. ల్యాప్‌టాప్ పొట్టి స్టిక్ కూడా వద్దు. షాపుల వేసి చూపెట్టమని అడగండ్రి, చూపెట్టకపోతే పక్క షాపుకు పోండ్రి.