ఎండకు కమలిన చర్మము, వెలుగుతో వైద్యము

పందొమ్మిదవ శతాబ్ది చివరి దశకమునందు, జర్మనీదేశపు హాంబర్గు రేవులో దిగు నావికుల చర్మమును పరీక్షించిన పాల్ గెర్సన్ ఉన్నా అను వైద్యుడు, ఏండ్ల తరబడి సముద్రముపై ఎండయు గాలియు తగిలిన ముఖము, మెడ, ముంజేతులపైననే చర్మము మందమై, గరుకుదేలి, ముదురు మచ్చలు దేరి, కొందరియందు కడకు క్యాన్సరుగా పరిణమించుటను చూచి, 1894లో ప్రకటించిన తన బృహద్గ్రంథమున దానిని ‘నావికుని చర్మము’ అని వ్యవహరించెను. ఇంచుమించు ఆ కాలముననే ఫ్రాన్సుదేశమందలి బోర్దో నగరమున విలియం ద్యూబ్రోయి అను చర్మవైద్యుడు, ద్రాక్షతోటలలో దినమెల్ల వంగి పనిచేయు కూలీలయందు అట్టి పొలుసుమచ్చలనే, అట్టి వ్రణములనే గుర్తించెను. ప్రాణికోటికి ఆధారమైన సూర్యుడు చర్మమునకు శత్రువు కూడ కాగలడని వైద్యలోకము నమ్ముటకు సాక్ష్యమిచ్చినవారు ఈ ఓడకళాసులును ఈ తోటకూలీలును. పొట్టకూటికై ఎండలో నిలిచిన ఆ దేహములనుండియే ఈ శాస్త్రము పుట్టినదని, నేడు చల్లని గదులలో పడుకొని లేజరు వైద్యము చేయించుకొనువారు ఎఱిగియుండుట న్యాయమని నా భావము.

చర్మమును కాల్చునది సూర్యుని వేడిమి కాదని అంతకుముందే తేలియుండెను. 1801లో యోహాన్ విల్‌హెల్మ్ రిట్టర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, ఊదారంగునకు ఆవల కంటికి కానరాని కిరణములు కొన్ని వెండిలవణమును నల్లబరచుచున్నవని చూపెను. 1889లో స్వీడను నేత్రవైద్యుడు యోహాన్ విడ్‌మార్క్, మేను ఎఱ్ఱబారి కమలుటకు ఆ అతినీలలోహిత కిరణములే కారణమని ప్రయోగపూర్వకముగా నిరూపించెను.

సూర్యరశ్మిపై ఈ నేరము రుజువగుచుండిన ఆ సంవత్సరములలోనే, అదే రశ్మిని ఔషధముగా మార్చిన మహనీయుడు నీల్స్ రైబెర్గ్ ఫిన్సెన్. 1860లో, ఉత్తర అట్లాంటికు సముద్రమందు మంచును మబ్బును వీడని ఫారో దీవులలో, టోర్స్‌హావన్ అను చిన్న పట్టణమున ఆయన జన్మించెను. కోపెన్‌హేగన్‌లో వైద్యవిద్య చదువుచుండగనే ఆయనను పట్టుకొన్న దీర్ఘవ్యాధి కాలేయమును, గుండె చుట్టునుండు పొరను క్రమముగా బిగించి, శరీరమునందు నీరు నింపి, చివరకు ఆయనను చక్రముల కుర్చీకి పరిమితము చేసెను. ఉత్తరముఖమైన, ఎండపొడ సోకని ఇంటిలో కాపురముండిన ఆ రోగి, వెలుతురులోనికి వచ్చినపుడెల్ల తన ప్రాణము తేరుకొనుటను గమనించి, ఆ అనుభవమును ఊరక పోనీయక, వెలుగునకును దేహమునకును గల సంబంధమేమో శోధించుటకు పూనుకొనెను.

ఆయన చేసిన రెండు చిన్న ప్రయోగములను నేను ఎంత తలచినను తనివితీరదు. మొదటిదానియందు ఆయన తన ముంజేతిపై నల్లసిరాతో ఒక పట్టీ పూసికొని తీవ్రమైన ఎండలో కూర్చుండెను. సిరా కడిగి చూడగా, ఆ పట్టీ క్రింది చర్మము మునుపటివలెనే తెల్లగా నుండెను, చుట్టునున్న చర్మము మాత్రము కమలి ఎఱ్ఱనయ్యెను. కొన్ని దినములకు ఆ ఎఱుపు తగ్గి గోధుమవన్నెకు తిరిగిన పిమ్మట, ఈ సారి సిరా పూయకయే అదే చేతిని ఎండకు చాపగా, మొదట కమలియుండిన భాగము మఱికొంత నల్లబడుటతో సరిపెట్టుకొనెను, సిరా కాపాడిన తెల్లని పట్టీయే ఈ మాఱు కమలెను. దేహము తనంతట తాను తయారుచేసికొను నలుపు, పైని పూసిన సిరావలెనే కిరణములను తనలోనికి త్రాగి లోపలి పొరలను కాపాడుచున్నదని ఇట్లు తేలెను. రెండవ ప్రయోగమునందు ఆయన, చెవితమ్మె వెనుక ఫోటోగ్రాఫు కాగితమునుంచి ముందునుండి వెలుగు ప్రసరింపజేసెను. కొన్ని నిమిషములు గడచినను కాగితము నల్లబడలేదు. చెవితమ్మెను రెండు గాజుపలకల నడుమ నదిమి నెత్తురును తొలగించిన తోడనే కాగితము త్వరత్వరగా నల్లబడెను. అనగా నెత్తురును వెలుగును త్రాగునదియే. మేని నలుపు, నెత్తుటి ఎఱుపు అను ఈ రెండింటిని అంత స్వల్పసామగ్రితో పట్టి చూపిన ఆ ఘడియయందే, తరువాతి నూఱేండ్ల వెలుగువైద్యమంతయు బీజరూపమున నిమిడియున్నదనుట అతిశయోక్తి కాదు.

ఆ కాలమున ఐరోపాలో లూపస్ వల్గారిస్ అను చర్మక్షయ ముక్కులను, పెదవులను, చెక్కిళ్ళను కొఱికివేయుచుండ, రోగులు లోకమునకు మొగము చూపలేక చీకటిగదులలో బ్రదుకుచుండిరి. 1895లో ఫిన్సెన్ కార్బను ఆర్కు దీపపు వెలుగును కటకములతో కేంద్రీకరించి, నడుమ నీటిని ప్రవహింపజేసి వేడిమిని తొలగించి, ఆ శీతలకాంతిని అట్టి వ్రణముపై పడనిచ్చెను. 1896లో కోపెన్‌హేగన్‌లో వెలుగువైద్య సంస్థ వెలసెను. ఒక పెద్ద దీపమునుండి దూరదర్శిని గొట్టములవంటివి నాలుగు దిక్కులకు దిగియుండగా, ప్రతి గొట్టము క్రింద ఒక రోగి, ప్రతి రోగి చెంత ఒక నర్సు. ఆమె నీరు పాఱు కటకమును వ్రణముపై అదిమిపట్టి, నెత్తురును ప్రక్కలకు తొలగించుచు, గంటకు పైబడి కదలక కూర్చుండెడిది. ఇట్లు దినదినము నెలల తరబడి సాగిన ఆ సేవవలన ఎన్నో మొగములు తిరిగి మనుష్యసంఘములోనికి వచ్చెను. 1900లో డెన్మార్కు ఆడుబిడ్డయైన అలెగ్జాండ్రా, ఆనాటికి వేల్సు యువరాణి, లండన్ హాస్పిటల్‌కు అట్టి దీపము నొకదానిని బహూకరించెను. 1903లో ఫిన్సెన్‌కు నోబెల్ బహుమానము వచ్చెను. మఱుసటి యేడు, నలుబది మూడేండ్ల ప్రాయమున, ఆయన కన్నుమూసెను.

నూఱేండ్ల పిమ్మట డెన్మార్కు పరిశోధకులే ఆ పాత కటకములను, నీటిగొట్టములను తిరిగి పరీక్షింపగా, నయము చేయునవని ఫిన్సెన్ నమ్మిన అతినీలలోహిత కిరణములలో అధికభాగము వానిని దాటి రోగిని చేరియే యుండదని తేలినది. రోగమును నయము చేసినది బహుశః ఊదా, నీలి వెలుగు. క్షయక్రిములయందు స్వభావసిద్ధముగా నుండు పోర్ఫిరిన్ అను వర్ణద్రవ్యము ఆ వెలుగును త్రాగి, ప్రాణవాయువును తీక్ష్ణముగా మార్చి, తన్ను దాల్చిన క్రిమినే చంపియుండునని వారి ఊహ.

ఇట్టి వర్ణద్రవ్యమును మనమే కణమునకు అందించినచో నేమగును? ఈ ప్రశ్నకు సమాధానము మ్యూనిక్ నగరమున యాదృచ్ఛికముగా దొరకెను. ఆస్కార్ రాబ్ అను విద్యార్థి ఆక్రిడిన్ అను రంగు నీటిక్రిములకు ఎంత విషమో కొలుచుచు, ఒక దినము చచ్చిన క్రిములు మఱియొక దినము చావకుండుట చూచి, ఆ రెండవ దినము ఉఱుములతో ఆకాశము చీకటి క్రమ్మియుండెనని గుర్తుతెచ్చుకొని, చంపునది రంగొక్కటియే కాదు, రంగును వెలుగును కలసి అని గ్రహించెను. 1900లో ఆ పరిశోధన ప్రకటితమయ్యెను. ఆయన గురువు హెర్మన్ ఫాన్ టాపైనర్ 1903 నాటికి ఇయోసిన్ రంగు పూసి చర్మపు గడ్డలపై వెలుగు ప్రసరింపజేసెను. 1912లో ఫ్రీడ్రిక్ మయర్-బెట్జ్ అను జర్మను వైద్యుడు హెమటోపోర్ఫిరిన్‌ను తన రక్తమునందే ఎక్కించుకొని ఎండలోనికి వెడలి, మొగము, చేతులు భయంకరముగా వాచి, చాలకాలము వెలుతురును సహింపలేక బాధపడెను. తన దేహమునే ప్రయోగశాలగా ఒసగిన అట్టివారి ఋణము తీర్చుకొనరానిది. 1990లో కెనడాదేశపు కెనెడీ, పాటియర్ ప్రభృతులు, అమినోలెవులినిక్ ఆమ్లమును చర్మముపై పూసినచో వ్యాధిగ్రస్త కణములే దానిని పోర్ఫిరిన్‌గా మార్చుకొనునని చూపిరి. 1999 డిసెంబరులో అమెరికా ఔషధనియంత్రణ సంస్థ ఆ మందును, నీలివెలుగును జోడించిన చికిత్సను ఆక్టినిక్ కెరటోసిస్‌కు, అనగా నాడు ద్యూబ్రోయి చూచిన ఆ పొలుసుమచ్చలకే, అంగీకరించెను.

లేజరు కథ వేఱు మార్గమున నడచినది. 1960 మే 16న కాలిఫోర్నియాలో థియొడోర్ మైమన్ కెంపుకడ్డీనుండి మొదటి లేజరు కిరణమును వెలువరించెను. కొలది యేండ్లలోనే సిన్సినాటి నగరపు చర్మవైద్యుడు లియాన్ గోల్డ్‌మన్ దానిని చర్మముపై ప్రయోగించి, నల్లని వెండ్రుకలు, మచ్చలు దెబ్బతినగా ప్రక్కనున్న తెల్లని చర్మము తప్పించుకొనుటను గమనించెను. ఫిన్సెన్ ముంజేతిమీది సిరాపట్టీ చెప్పిన సంగతియే ఇది. 1964లో, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ బెల్ ప్రయోగశాలయందు కార్బన్ డయాక్సైడు లేజరును కనుగొనెను. దాని 10,600 నానోమీటర్ల కిరణమును త్రాగునది చర్మములోని నీరు. కాన అది రంగును లెక్కింపక పైపొరను ఆవిరిచేయును. తొలినాళ్ళ లేజరులు చాలమందికి మాయని మచ్చలు మిగిల్చెను. ఏలయనగా ఎంత వెలుగు అనునది చూచిరే గాని ఎంతసేపు అనునది చూడరైరి. 1983లో బోస్టను పరిశోధకులు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ ఆ లోపమును సవరించిరి. లక్ష్యము మాత్రమే త్రాగు వర్ణపు కిరణమును, ఆ లక్ష్యమునుండి వేడి ప్రక్కకు ప్రాకులోపలనే ముగియు క్షణకాలము ప్రసరింపజేసినచో, చుట్టునున్న చర్మము చెక్కుచెదరదని వారు సూత్రీకరించిరి. 2004లో ఆండర్సన్, డీటర్ మాన్‌స్టైన్ ప్రభృతులు, చర్మమంతటిని కాల్చక సూక్ష్మస్తంభములుగా మాత్రమే కాల్చి, నడుమ మిగిలిన ఆరోగ్యకణములచే గాయమును మాన్పించు ఫ్రాక్షనల్ పద్ధతిని వెలువరించిరి.

ఈ చరిత్ర తెలిసినవారికి నేటి క్లినిక్కులలోని పేళ్ళ గందరగోళము చాలవఱకు విడిపోవును. తెల్లని చర్మముపై ఎండవలన వచ్చిన ముదురుమచ్చలును, వెడల్పైన సన్నని రక్తనాళముల ఎఱుపును కలసియున్నచో, ఐ.పి.ఎల్. అను ప్రకాశదీపము తగును. అది లేజరు కాదు, సుమారు 500 మొదలు 1,200 నానోమీటర్ల వఱకు గల వెలుగును వడపోసి మెఱుపుగా విసరు దీపము. ఎఱుపు ఒక్కటియే యైనచో 585, 595 నానోమీటర్ల డై లేజరు మేలు. ముడుతలు, గరుకుదనము ప్రధానమైనచో నీటిని లక్ష్యించు లేజరులు. క్యాన్సరునకు ముందుమెట్టైన పొలుసుమచ్చలు విస్తారముగా నున్నచో మందు పూసి చేయు వెలుగుచికిత్స. అవి ఒకటి రెండైనచో ద్రవనత్రజనితో గడ్డకట్టించుటయే సులువు. యంత్రము పేరు, ప్యాకేజీ ధర తరువాతి మాటలు. ఈ చర్మమునందు వెలుగును త్రాగునది ఏది యనునదే తొలి ప్రశ్న.

తెలుగువారికి ఈ ప్రశ్న మఱింత ముఖ్యము. 1975లో అమెరికా చర్మవైద్యుడు థామస్ ఫిట్జ్‌పాట్రిక్ మేనిచాయలను తరగతులుగా విభజించినపుడు ఆయన ఉద్దేశము, సోరాలెన్ మందిచ్చి అతినీలలోహిత కిరణములతో చేయు చికిత్సకు మోతాదు నిర్ణయించుట. ఆ సోరాలెన్ మన వైద్యులు బొల్లికి తరతరములుగా వాడిన బావంచాలలోను కలదు. ఆ పట్టికయందు తొలుత తెల్లవారికి మాత్రమే నాలుగు తరగతులుండెను. చామనచాయవారికి, నల్లనివారికి ఐదు, ఆఱు తరగతులు పిమ్మట చేర్చబడినవి. మనలో అధికసంఖ్యాకులు నాలుగు, ఐదు తరగతులవారు. మన పైపొరలోనే నలుపు నిండియుండుటచే, మచ్చకొఱకు వదలిన వెలుగును దారిలోనే మన సహజవర్ణము త్రాగి కాలును. ఐ.పి.ఎల్. దెబ్బకు చారలు చారలుగా నల్లబడుట, లేదా పాలిపోవుట ఇట్లే కలుగును. 1,064 నానోమీటర్ల యాగ్ లేజరును నలుపు తక్కువగా త్రాగును గనుక అది మనకు కొంత సురక్షితము. అయినను లేజర్ టోనింగ్ పేర దానినే పలుమాఱులు చేయించుకొన్నవారికి చుక్కలు చుక్కలుగా తెల్లమచ్చలు రాగలవు.

మన ఆడువారు ‘ఎండ మచ్చలు’ అని చూపించునవి పెక్కుమార్లు మంగుమచ్చలు. మంగునకు ఎండతో పాటు హార్మోనులు, వంశము కూడ కారణములు. వెలుగుతోను వేడితోను చికిత్స చేసినచో తాత్కాలికముగా తగ్గి ఇబ్బడిగా తిరుగుట కలదు. పైగా కంటికి కనబడు వెలుతురు సైతము మన చాయలవారి మంగును పెంచును గనుక, ఇనుప ఆక్సైడు కలిసిన రంగు సన్‌స్క్రీనును, వైద్యుడు వ్రాసిన లేపనములను మొదట నెలల తరబడి వాడి చూడవలెను. లేజరు అటు పిమ్మటి మాట. పెండ్లికి పది దినములు గడువుండగా ముఖముపై లేజరు పెట్టించుకొను తొందరను చూచినపుడు నాకు నిజముగా దిగులు కలుగుచున్నది. అమెరికా, ఆస్ట్రేలియాలలో స్థిరపడిన మనవారు అచ్చటి తెల్లవారికి అలవాటైన మోతాదులతోనే చికిత్సకు ఒప్పుకొనక, తమ వంటి చాయగలవారికి చేసిన అనుభవమున్న వైద్యుని వెదకికొనవలెను. దవడ ప్రక్కన చిన్న చోట వెలుగును పరీక్షింపించుకొని, కొన్ని వారములు వేచి చూచి, ఆ పిమ్మటనే ముఖమంతటికి సమ్మతింపవలెను. మచ్చ యేదియైనను అంచులు వంకరపోయి పెరుగుచున్నను, రంగులు మారుచున్నను, నెత్తురు కాఱుచున్నను, ఏ వెలుగునకును లోబఱచుటకు ముందు దానిలో చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని క్రింద చూపించవలెను. పైనున్న వర్ణము కరగిపోయినచో, లోనున్న క్యాన్సరును గుర్తించుటకు వైద్యునికి దొరకెడి ఆనవాలు కూడ దానితోనే పోవును.