పారదర్శక అలైనర్ల పరిణామం: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల నేపథ్యం

ఎత్తుపళ్లను, వంకరపళ్లను సరిచేసే చికిత్సకు జనవ్యవహారంలో ఉన్న పేరు 'క్లిప్పులు'. ఆ లోహపు తీగలకు మారుగా వచ్చిన పారదర్శక అలైనర్లను కంప్యూటర్ యుగపు ఆవిష్కరణగా పరిగణించడం పరిపాటి. ఇది సగం సత్యమే. వాటికి మూలమైన ఆలోచన అంతకు అర్ధశతాబ్ది ముందే పుట్టింది. కంప్యూటర్ తగ్గించినది చేతిపనినే గాని వైద్యుని పర్యవేక్షణను కాదు. ఈ పరిణామాన్ని చారిత్రకంగా పరిశీలించి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల దంతవైద్యులకు దానివల్ల ఎదురయ్యే ప్రశ్నలను చర్చించడం ఈ వ్యాస లక్ష్యం.

మైనం నుంచి తెర వరకు

1945లో అమెరికన్ దంతవైద్యుడు హెచ్.డి. కెస్లింగ్ రోగి పళ్ల అచ్చు తీసి, అందులోని పళ్లను విడివిడిగా కోసి, మైనంలో సరైన వరుసలో అమర్చి, దానిపై రబ్బరు సాధనాన్ని తయారుచేశాడు. పళ్లను కొద్దికొద్దిగా జరుపుతూ ఇటువంటి సాధనాలను వరుసగా వాడితే పెద్ద మార్పులు కూడ సాధ్యమని ఊహించాడు. 1964లో హెన్రీ నహూమ్ వేడిచేసిన ప్లాస్టిక్ రేకును శూన్యపీడనంతో అచ్చుపై అతికించే పద్ధతిని వివరించాడు. 1993లో జాన్ షెరిడాన్ ఎసిక్స్ సాధనాన్ని ప్రవేశపెట్టాడు. అయితే ప్రతి దశకూ పళ్లను చేతితో కోసి అమర్చవలసి రావడంతో ఈ పద్ధతి చిన్న సవరణలకే పరిమితమైంది. ఆ అడ్డంకిని తొలగించింది 1997లో జియా చిష్తీ, కెల్సీ వర్త్ స్థాపించిన అలైన్ టెక్నాలజీ సంస్థ. 2017 నుంచి ఆ సంస్థ తొలి పేటెంట్ల గడువు తీరుతూ రావడంతో ఇతర తయారీదారులకు దారి తెరుచుకుంది.

ఒక్కో అలైనర్ పంటిని సుమారు 0.25 మి.మీ. జరిపేలా రూపొందుతుంది. రోజుకు 20 నుంచి 22 గంటలు ధరించాలి. వేడి పానీయాలు తాగేటప్పుడు తీసివేయాలి. మరమగ్గాల షెడ్డులో షిఫ్టు పని చేస్తూ పలుమార్లు టీ తాగే వ్యక్తికి ఈ గంటల లెక్క ఎంత కఠినమో వేరుగా చెప్పనక్కరలేదు. తీగ పంటిని అంటిపెట్టుకొని ఉంటుంది. అలైనర్ రోగి చేతిలో ఉంటుంది. పైగా తెరపై చూపిన కదలిక అంతా నోట్లో జరగదు. 2009లో క్రావిట్జ్ బృందం ప్రచురించిన అధ్యయనంలో సగటు కచ్చితత్వం 41 శాతమే. పంటిని చిగురు నుంచి బయటికి లాగడం అన్నిటికంటె కష్టమని అందులో తేలింది.

నీరు, పింగాణి

పళ్లను తిప్పడానికి, లాగడానికి పట్టు కావాలి. అందుకు పంటిపై చిన్న కాంపోజిట్ దిమ్మెలను అతికిస్తారు. 1955లో మైకేల్ బ్యూనోకోర్ ప్రతిపాదించిన ఆమ్లలేపన పద్ధతి దీనికి ఆధారం. ఫ్లోరోసిస్ సోకిన పింగాణి ఆమ్లానికి తేలికగా లొంగదు. దిమ్మె ఊడిపోయే ప్రమాదం ఎక్కువ. మన దేశంలో ఈ వ్యాధిని 1937లో నాటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. పూర్వపు కరీంనగర్ జిల్లాలోనూ కొన్నిచోట్ల భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని మించింది. జ్ఞానదంతాలు మినహా శాశ్వత దంతాల పైభాగపు పింగాణి దాదాపు ఎనిమిదేళ్ల లోపే ఏర్పడుతుంది. కనుక 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ నీరు నేటి పెద్దల పళ్లపై ఉన్న బోరునీటి గుర్తులను చెరపలేదు. దిమ్మె అతికించేముందు రోగి బాల్యంలో ఏ నీరు తాగాడో అడగడం ఇక్కడ అవసరం.

గల్ఫ్ ప్రయాణం

ఈ ప్రాంతం నుంచి గల్ఫ్ దేశాలకు వలస వెళ్లేవారు అనేకులు. నెలనెలా తీగ బిగింపునకు రాలేని వలసకార్మికునికి అలైనర్ల వరుసను ముందే ఇచ్చి పంపవచ్చుననే ఆశ సహజమే. అయితే వైద్యుని ప్రత్యక్ష పరీక్ష లేకుండా తపాలా ద్వారా అలైనర్లు పంపిన అమెరికన్ సంస్థ స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ 2023 డిసెంబరులో మూతపడి, చికిత్స మధ్యలో ఉన్నవారిని నిస్సహాయులను చేసింది. ఏడవ అలైనర్ పంటికి సరిగా కూర్చోకపోతే ఎనిమిదవది అసలే కూర్చోదు. మళ్లీ కొలతలు తీయవలసిందే. ప్రయాణానికి ముందు దిమ్మెలు అమర్చిన పళ్ల వివరాలు, ఏ దశ ఎన్ని రోజులో తెలిపే పత్రం, సెలవుపై వచ్చే తేదీ రోగికి రాతపూర్వకంగా ఇవ్వాలి. దుబాయిలో ఊడిన దిమ్మెను అక్కడి వైద్యుడు తిరిగి అతికించాలన్నా ఆ పత్రమే ఆధారం.