సంప్రదాయ ఇస్లాం: ఎవరి సంప్రదాయం?

‘సంప్రదాయ ఇస్లాం’ అనే మాటను మన విమర్శకులు తేలిగ్గా వాడేస్తుంటారు. భారత ముస్లింల విషయంలో ఆ మాటకు అర్థమేమిటని 1980లలో పండితుల మధ్య గట్టి వాదమే నడిచింది.

1981లో ఇంతియాజ్ అహ్మద్ సంపాదకత్వంలో భారత ముస్లింల మతాచారాల మీద ఒక వ్యాససంకలనం వెలువడింది. గ్రంథం చెప్పే ఇస్లామూ, జనం ఆచరించే ఇస్లామూ ఒకే విశ్వాసంలో ఇమిడి పక్కపక్కనే ఉంటాయని ఆయన సిద్ధాంతం. (1973లో ముస్లింలలోని కులం మీద సంకలనం తెచ్చిందీ ఆయనే. దాన్ని వదిలేసి దీన్నొక్కదాన్నే పట్టుకోవడం న్యాయం కాదు.) 1983లో బ్రిటిష్ చరిత్రకారుడు ఫ్రాన్సిస్ రాబిన్సన్ దీన్ని ఖండించారు. దీర్ఘకాలంలో స్థానికాచారాలు వెనక్కి తగ్గి, ముస్లిం సమాజాలు గ్రంథాదర్శానికి దగ్గరవుతున్నాయన్నారు. సామాన్యులు కూడా తమ మతానికి అర్థం చెప్పుకుంటారు కదా అని 1984లో వీణా దాస్ వాదాన్ని మరో దారి పట్టించారు.

రాబిన్సన్‌కు కాలస్పృహ ఉందని ఒప్పుకుంటాను. అయితే ఆ ఆదర్శం కూడా చరిత్రలో తయారైనదే. 1857 తర్వాత మొగలు పాలన పేరుకు కూడా మిగలని రోజుల్లో, 1866లో దేవ్‌బంద్ మదర్సా పుట్టింది. దర్గాల దగ్గరి అనేక ఆచారాలను అక్కడి ఉలేమా తప్పుపట్టారు. బరేలీకి చెందిన అహ్మద్ రజా ఖాన్ (1856-1921) వలీల మధ్యవర్తిత్వాన్నీ మీలాద్‌నూ సమర్థించారు. ఇరుపక్షాలూ హనఫీలే. అసలు సంప్రదాయం తమదేనని ఇద్దరూ అన్నారు. అచ్చుయంత్రం ఇద్దరికీ ఆయుధమైంది.

ఈ కొలబద్దలు మన దూదేకులవారికి ఎలా సరిపోతాయి? ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, పత్తి ఏకి బతికిన శ్రామికులు వాళ్లు. పీర్ల పండుగలో పాలుపంచుకున్నందుకు సంస్కర్త కంటికి సగం ముస్లింలు. మన కథకులకు మతసామరస్యానికి మంచి ఉదాహరణలు. వీరబ్రహ్మం శిష్యుడు సిద్దయ్యను తలుచుకుని మురిసే మనం, ఆ కులం చేతివృత్తి మిల్లుల దెబ్బకు ఏమైందో అడగం.

ఇది పండితుల గొడవే అనుకోవడానికి వీల్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో దూదేకులవారు 1970లోనే బి.సి.-బి జాబితాలో చేరారు. 2007 చట్టం మరికొన్ని ముస్లిం సమూహాలకు బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇస్తూ సయ్యద్, మొగల్, పఠాన్ మొదలైనవారిని పేరుపెట్టి మినహాయించింది. ఇచ్చింది మతాన్ని చూసా, వెనుకబాటును చూసా అన్న వివాదం కోర్టుకెక్కింది. ‘ఇస్లాంలో కులం లేదు’ అని మతపెద్దలు కొట్టిపారేసిన ఆ కులమూ వృత్తీ కాలేజీ సీటుకూ ఉద్యోగానికీ సాక్ష్యం చెప్పవలసి వచ్చింది.