ఊపిరి పోసిన చేతులు

బిడ్డ ఊపిరికి యంత్రము తోడగుట నేడు మనకు వింత గాదు. 1952లో డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెనున పోలియో విజృంభించినపుడు స్థితి వేరు. శ్వాసకండరములు చచ్చుబడి ఆసుపత్రికి చేరి, ఆనాటి శ్వాసయంత్రములతో చికిత్స పొందిన తొలి 31 మందిలో 27 మంది మరణించిరి.

రక్తమున పేరుకొన్న బొగ్గుపులుసు వాయువే మృత్యుకారణమని మత్తువైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ గ్రహించెను. ఆగస్టు 27న పండ్రెండేండ్ల బాలిక కంఠనాళమున గొట్టము అమర్పించి, రబ్బరు సంచిని చేతితో నొక్కి ప్రాణవాయువు నందించెను. బాలిక బ్రదికెను. తగినన్ని యంత్రములు లేమిచే సుమారు 1,500 మంది వైద్యవిద్యార్థులు వంతులు వేసికొని రేయింబవళ్లు సంచులు నొక్కిరి. మరణములు సగమునకు తగ్గెను.

1953లో ఇబ్సెన్ తీవ్రచికిత్సా విభాగమును నెలకొల్పెను. 1955లో స్వీడనులోని గోటెబర్గున పిల్లలకే ప్రత్యేకవిభాగము వెలసెను. యంత్రమున్నంత మాత్రమున చాలదు. ఎందరు బ్రదికిరి, ఎందరు పోయిరి, ఏల పోయిరి అని అడిగినపుడే అది ప్రాణదాత యగునని మనము గుర్తింపవలెను.